మహమ్మారి రోజుల్లో కళాకారులకూ రోగులకూ ఊరి అండ: మొదటి ఫోన్ నుంచి చివరి లెక్క దాకా

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. తెలుగునాట కళ మీద బతికేవాళ్లకు అంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాదిదాకా సాగుతుంది. ఆ వెంటనే శ్రీరామనవమి పందిళ్లు, ఊరూరా పౌరాణిక నాటకాలు, వేసవి పెళ్లిళ్లలో నాదస్వరం, బ్యాండు మేళం. ఈ నాలుగు రాళ్లతోనే వానాకాలం గట్టెక్కాలి. 2021లో రెండో అల కూడా సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే విరుచుకుపడింది. వరసగా రెండు సీజన్లు గాలికి పోయాయి.

అదే రోజుల్లో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు గది తలుపు వేసుకుని ఒంటరిగా దగ్గుతున్నారు. సాయం చేద్దామని నడుం కట్టిన బృందాలు చాలాచోట్ల రెండు జాబితాలు పెట్టుకున్నాయి, పేద కళాకారులది ఒకటి, రోగులది ఒకటి. ఆ రెండూ ఒకే బల్ల మీద ఉండాలన్నది నా వాదన. కళాకారుడికి కావాల్సింది పని, దానికి తగ్గ పారితోషికం. రోగికి కావాల్సింది వేళకి తిండి, వేళకి ఆసుపత్రి, ఈ లోపల ధైర్యంగా మాట్లాడే ఒక తెలిసిన గొంతు. ఊళ్లో పది మందికీ తెలిసిన గొంతు ఒగ్గు కథ చెప్పేవాడిదో, హరిదాసుదో, నాటకంలో కృష్ణుడి వేషం కట్టేవాడిదో అయి ఉంటుంది. ఈ పద్ధతంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. మళ్లీ అలాంటి కాలం వస్తే మీ ఊళ్లోనో, కాలనీలోనో, అపార్ట్‌మెంట్లోనో ఎక్కడ మొదలుపెట్టాలో వరసగా చెప్తాను.

మొదటి అడుగు: మనుషులు

గ్రూపుకి పేరు, లోగో తర్వాత చూసుకోవచ్చు. ముందు ఐదు పనులకి ఐదుగురు బాధ్యులు కావాలి: ఫోన్లు, వంట, బండి, లెక్కలు, కళాకారుల సంగతి. ఒక్కొక్కరికీ ఒక బదులు మనిషి ఉండాలి, ఎందుకంటే మీలో కొందరు జబ్బు పడటం ఖాయం. బయట తిరిగే పని పెద్దవాళ్లకీ, ఇంట్లో పసిపిల్లలో గర్భిణులో ఉన్నవాళ్లకీ ఇవ్వొద్దు. వాళ్లకి ఫోన్ పని ఉంది, అది తక్కువ పనేం కాదు.

మీ ప్రాంతపు ఆశా కార్యకర్తనీ, ఏఎన్ఎంనీ మొదటి రోజే కలవండి. ఏ ఇంట్లో ఎవరికి షుగరు, ఎవరికి బీపీ, ఎవరు బాలింత అన్నది వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రోజుకి ఒక గంట ఫోన్లో దొరికే డాక్టరు ఒకరైనా ఉండాలి. డాక్టరు దొరక్కపోతే రోగుల పనిలో తిండికీ, కబురుకీ, బండికీ పరిమితం కండి. మందుల జోలికి పోవద్దు.

రెండో అడుగు: డబ్బు ఎక్కడికి వస్తుంది, ఎవరు తీస్తారు

ఎవరో ఒకరి ఫోన్‌పే నంబరు పోస్టు చేసి చందాలు పోగెయ్యడం అందరూ చేసే పనే. వారం తిరిగేలోపు ఆ ఖాతాలో ఇంటి అద్దె, చందా, కరెంటు బిల్లు కలిసిపోతాయి. దొంగతనం లేకపోయినా అనుమానం పుడుతుంది. ఇద్దరి పేరు మీద జాయింటు ఖాతా తెరిచి, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదిలేలా పెట్టుకోండి. ఇంకా మంచిది, ఊళ్లో అప్పటికే రిజిస్టరైన యువజన సంఘమో, గ్రంథాలయ సంఘమో, పూర్వ విద్యార్థుల సంఘమో ఉంటే దాని గొడుగు కిందికి వెళ్లడం. కొత్త సొసైటీ పెట్టుకోవాలంటే రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే ఆధారం, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మంట అంటుకున్నాక అంత తీరిక ఉండదు కాబట్టి ఇది మామూలు రోజుల్లోనే చేసి పెట్టుకోవాల్సిన పని. 80జీ పన్ను మినహాయింపు అడిగే దాతలకి ఒక మాట ముందే చెప్పండి: రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు.

ఇక అమెరికా చుట్టాల సంగతి. తెలుగు ఊళ్లకి ఇది చిన్న విషయం కాదు, రెండో అలలో ప్రవాసులు పంపిన కాన్సన్‌ట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రాలు) ఎన్ని జిల్లాలు చేరాయో అందరికీ తెలుసు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా మీ సంఘానికి పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ఇంకో మెలిక ఉంది. 2020 సెప్టెంబరు సవరణ తర్వాత, అనుమతి ఉన్న పెద్ద సంస్థ కూడా ఆ డబ్బుని మీలాంటి చిన్న సంఘానికి మళ్లించడానికి వీల్లేదు, తానే ఖర్చు పెట్టాలి. కాబట్టి అక్కడి మేనమామ ఉత్సాహపడితే, ముందు ఆయన చేతిలో ఉన్న పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. మొహమాటపడే వేళ కాదు.

ప్రతి ఆదివారం రాబడి, ఖర్చు, నిల్వ మూడు లైన్లలో గ్రూపులో పెట్టండి. దాతల పేర్లు వద్దనుకుంటే వద్దు, అంకెలు మాత్రం తప్పవు.

మూడో అడుగు: కళాకారుల జాబితా

ఇక్కడ నిదానంగా నడవండి, అసలు పని ఇదే. జాబితా అనగానే అందరికీ గుర్తొచ్చేవి సన్మాన పత్రాలు ఉన్నవాళ్ల పేర్లు. వాళ్లు ఎలాగోలా ఎవరో ఒకరి కంట పడతారు. పడనివాళ్లెవరంటే, వేదిక వెనక ఉండేవాళ్లు. హార్మోనిస్టు, తబలా, మేకప్ మనిషి, కిరీటాలూ భుజకీర్తులూ అద్దెకిచ్చే డ్రెస్సు కంపెనీవాళ్లు, మైక్‌సెట్టు కుర్రాడు, తెర లాగేవాడు. ఒక పద్య నాటకం ఆగిపోతే అర్జునుడితోపాటు వీళ్లంతా ఇంట్లో కూర్చుంటారు. తర్వాత ఊళ్లో ఉండీ ఊరివాళ్లు కానివాళ్లు: బుడగ జంగాలు, గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు. ఇరవై ఏళ్లుగా ఊరి చివర గుడిసెల్లో ఉంటున్నా రేషన్ కార్డు ఇంకో మండలంలో ఉంటుంది, లేదా అసలు ఉండదు.

ఫారాలు పంచి నింపమంటే కుదరదు. మేళం పెద్దని పట్టుకుని, ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, ఒక్కొక్కరి గురించీ అడగాలి. నాలుగు ప్రశ్నలు చాలు. ఏ కళ, ఏ నెలల్లో పని దొరుకుతుంది? ఇంట్లో ఎంతమంది, రోజూ మందులు వేసుకునేవాళ్లు ఎవరు? రేషన్ కార్డు ఏ ఊరిది? వాయిద్యం ఇంట్లో ఉందా, తాకట్టులో ఉందా?

చివరి ప్రశ్న సూటిగా అడిగితే జవాబు రాదు. "అన్నా, ఒకసారి హార్మోనియం చూపించవా" అంటే "మా బామ్మర్ది ఇంట్లో ఉంది" అంటారు. పది ఇళ్లలో అదే బామ్మర్ది వినిపించాడంటే అర్థం చేసుకోవాలి. వాయిద్యం పోతే సీజను తిరిగొచ్చినా పని తిరిగిరాదు. తాకట్టు చీటీ మీది గడువు తేదీని జాబితాలో విడిగా రాసుకోండి. వడ్డీ కట్టి గడువు పొడిగించడానికి అయ్యే ఖర్చు కొత్త వాయిద్యం ధరతో పోలిస్తే చాలా తక్కువ.

తోలు సామాను ఉన్నవాళ్ల ఇల్లు తప్పకుండా కళ్లతో చూడండి. డప్పు వాయించబోయే ముందు మంట దగ్గర కాచి తోలు బిగిస్తారని మనందరికీ తెలుసు. నెలల తరబడి మూలన పడి ఉంటే ఆ తోలు చెమ్మ పీల్చి సాగిపోతుంది, అంచుల దగ్గర పురుగు పడుతుంది. తోలుబొమ్మలదీ అదే కథ. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ బొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి, అక్కడి దళవాయి చలపతిరావుకి 2020లోనే పద్మశ్రీ ప్రకటించారు. ఆడించడంతోపాటు అదే తోలుతో దీపాల మీద తొడిగే షేడ్లూ, గోడ అలంకరణలూ చేసి అమ్మడం అక్కడివాళ్లకి ఇంకో దారి. మీ ఊరి కళాకారుడికి అలాంటి రెండో దారి ఏదైనా ఉందేమో కూడా అడిగి రాసుకోండి. అది తర్వాత పనికొస్తుంది.

నాలుగో అడుగు: సంచిలో ఏం పెట్టాలి

2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తెల్ల కార్డుదారులకి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి రూపాయలిచ్చారు. కేంద్రం మనిషికి ఐదు కిలోల ఉచిత ధాన్యం మొదలుపెట్టింది. అయినా దాతలందరూ తెచ్చింది బియ్యమే. ఇంట్లో మూడు బస్తాల బియ్యం, ఒక్క చుక్క నూనె లేదు! కార్డు ఉన్న ఇంటికి బియ్యం వద్దు. కందిపప్పు, నూనె, చింతపండు, ఎండుమిర్చి, ఉల్లిపాయలు, సబ్బులు, ఆడవాళ్లకి ప్యాడ్లు ఇవ్వండి. గ్యాసు బండకి డబ్బులివ్వండి. బీపీ, షుగరు మాత్రలు పాత చీటీ చూసి నెలకి సరిపడా కొనివ్వండి. కార్డు లేని సంచార కుటుంబాలకి మాత్రం బియ్యమే ముందు. హైదరాబాద్ ఎల్బీనగర్‌లో రైస్ ఏటీఎం అని పేరుపడ్డ చోట, ఆకలితో వచ్చినవాళ్లకి ఏ వేళలోనైనా బియ్యం ఇచ్చారు. కార్డు లేనివాళ్లకి అలాంటి చోటే దిక్కు.

పంచేటప్పుడు ఫోటోలు తీయొద్దు. నిన్న రాజు వేషం కట్టినవాడి చేత ఇవాళ మీ బ్యానరు ముందు సంచి పట్టించి నిలబెట్టడం కంటే ఇవ్వకపోవడమే మర్యాద. లెక్క కోసం రసీదు పుస్తకంలో సంతకం చాలు.

డబ్బు ఇచ్చేటప్పుడు మేళం పెద్ద చేతికి మొత్తం ఇవ్వకుండా ఎవరి ఖాతాలో వాళ్లకి వెయ్యండి. పెద్దాయన మంచివాడే కావచ్చు, పాత బాకీలు కూడా ఉంటాయి కదా, అవి ముందు మినహాయించుకుంటాడు. ఖాతా లేకపోతే ఇంటి ఇల్లాలి డ్వాక్రా ఖాతా అడగండి. మనవడి ఫోన్‌పే చివరి మార్గం.

ఐదో అడుగు: పని పుట్టించడం

ప్రచార పాట రాయించడం అందరికీ తట్టే ఆలోచన. తెలంగాణ సాంస్కృతిక సారథి లాంటి ప్రభుత్వ వేదికలు ఆ పని చేస్తూనే ఉంటాయి. మీ ఊరికి కావాల్సింది ఇంకా చిన్నది, ఇంకా సూటి అయినది. ఒక నిమిషం ఆడియో, వాట్సాప్‌లో వెళ్లేది, మీ యాసలో ఉండేది, ఒక్క విషయమే చెప్పేది. ఆక్సీమీటరు ఏ వేలికి పెట్టాలి? ఏ అంకె కనబడితే 108కి ఫోన్ చేయాలి? రోగి గిన్నెలు ఎలా కడగాలి? ఒక్కొక్కదానికీ ఒక్కో ముక్క. శ్రీకాకుళంలో తప్పెటగుళ్ల వరస, మెదక్‌లో ఒగ్గు కథ వరస, గుంటూరులో బుర్రకథ వరస ఎంచుకోండి. వంత పాడేవాళ్లు "తందాన తాన" అన్నాక వచ్చే మాట డాక్టరు చదివిన మాట అయి ఉండాలి. పాట రాసేటప్పుడు "అల్లం రసం తాగితే ఆమడ దూరం పోవునమ్మా" లాంటి పంక్తులు చేతికి ఊరికే వచ్చేస్తాయి. వాటిని రికార్డింగుకి ముందే తీసేయాలి. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటుమందు కోసం జనం ఎలా ఎగబడ్డారో చూశాం.

పారితోషికం ఎంతన్నది మీరు తేల్చొద్దు. మామూలు రోజుల్లో రాత్రి ఆటకి మనిషికి ఎంత వస్తుందో అడిగి, దానిలో సగానికి తగ్గకుండా ఒక రికార్డింగుకి ఇవ్వండి, సగం ముందే చేతిలో పెట్టండి. "సేవ కదా, ఊరికే పాడండి" అనే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. ఆయన దుకాణంలో సరుకులు సేవగా ఇస్తారేమో అడిగి చూడండి.

సాధన ఆరుబయటే జరగాలి, ఎడంగా నిలబడి. ఇది చాదస్తం కాదు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్కాగిట్ కౌంటీలో ఒక బృందగాన సాధనకి 61 మంది వచ్చారు. అందులో ఒకరికి అప్పటికే లక్షణాలున్నాయి. 53 మందికి సోకినట్టు లెక్క తేలింది, ఇద్దరు చనిపోయారు. మూసిన గదిలో గొంతెత్తి పాడటం మామూలుగా మాట్లాడటం కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. బుర్రకథ ముగ్గురినీ మీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టి ఏసీ వెయ్యకండి.

రెండో రకం పని సాయంత్రం ఫోన్. ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దవయసు రోగులకి రోజూ ఆరింటికి ఒక కళాకారుడు ఫోన్ చేస్తాడు. పలకరింపు, ఒక పద్యమో కీర్తనో, చివర్లో మూడు ప్రశ్నలు: జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత, తిన్నారా. జవాబులు మీ ఫోన్ బాధ్యులకి చేరుతాయి. అవతలి మనిషి మాట మధ్యలో ఊపిరికోసం ఆగుతుంటే పాట ఆపి వెంటనే కబురు పెట్టాలని కళాకారుడికి ముందే నేర్పండి. చెవి తర్ఫీదున్న మనిషి కదా, గొంతులో తేడా మనకంటే ముందు పట్టుకుంటాడు.

మూడోది ప్రవాసుల కోసం ఆన్‌లైన్ ప్రదర్శన. ప్రత్యక్ష ప్రసారం మోజులో పడొద్దు, పల్లె నెట్‌వర్కు పద్యం మధ్యలో గొంతు నొక్కేస్తుంది. పగటిపూట మంచి మైకుతో రికార్డు చేసి వేళకి ప్రసారం చేయండి, తర్వాత కళాకారులు ప్రత్యక్షంగా వచ్చి మాట్లాడితే చాలు. అమెరికా తూర్పు తీరంలో వేసవి శనివారం రాత్రి తొమ్మిది గంటలంటే మనకి ఆదివారం పొద్దున ఆరున్నర. టిక్కెట్టు డబ్బు విషయంలో పైన చెప్పిన పాస్‌పోర్టు సంగతి మర్చిపోవద్దు, ముందే ఆడిటరుని అడగండి.

ఆరో అడుగు: రోగుల ఫోన్, తిండి, ఆక్సిజన్

ఒకే నంబరు పెట్టి, మూడు షిఫ్టుల్లో మనుషుల్ని పెట్టండి. 104, 108 నంబర్లు ఉండగా మీరెందుకంటే, ఆ నంబర్లకి ఎప్పుడు చేయాలో తెలియక తటపటాయించేవాళ్లే ఎక్కువ. 2021 మేలో బెడ్ల జాబితాలు గ్రూపు నుంచి గ్రూపుకి తిరిగాయి. సగం నంబర్లు మోగేవి కావు, మోగినవి ఎత్తేవాళ్లు కాదు. మీ జాబితాలో ప్రతి నంబరు పక్కన మీ మనిషి ఫోన్ చేసి కనుక్కున్న సమయం రాయండి. మూడు గంటలు దాటిన సమాచారాన్ని మళ్లీ కనుక్కోకుండా ఎవరికీ పంపొద్దు.

తిండి విషయంలో క్లుప్తంగా: రెండు పూటలా పప్పు, కూర, చారు, పెరుగు. కారం తక్కువ, ఎందుకంటే చాలామందికి నోరు, గొంతు మండుతుంటాయి. షుగరు ఉన్నవాళ్ల డబ్బాకి వేరే రంగు దారం కట్టండి. డబ్బా గేటుకి తగిలించి, దూరం జరిగి ఫోన్ చేయాలి. వండే పనికి గిరాకీ లేక కూర్చున్న క్యాటరింగ్ వంటవాళ్లని పిలిచి, కూలి ఇచ్చి వండించండి.

ఆక్సీమీటరు చదవడం నేర్పడం మొదటి పని. గోళ్ల రంగు తీసేయాలి, గోరింటాకు లేని వేలు చూసుకోవాలి. చల్లబడ్డ చేతిని రుద్ది వెచ్చచేసి, కూర్చుని, అంకె నిలకడ అయ్యేదాకా నిమిషం ఆగాలి. 94 కంటే తగ్గితే డాక్టరుకి ఫోన్. 90కి వస్తే, డాక్టరు దొరికినా దొరక్కపోయినా, ఆసుపత్రికి కదలాలి. ఈలోగా బోర్లా పడుకోబెడితే ఊపిరి కొంత తేలికవుతుందని 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ కూడా బొమ్మలతో చెప్పింది. గర్భిణులకీ, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవాళ్లకీ అది పనికిరాదు.

సిలిండరు లెక్క ప్రతి వాలంటీరుకీ నోటికి రావాలి. చిన్నదాంట్లో, అంటే బి రకంలో, నిండా ఉంటే సుమారు 1500 లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి 2 లీటర్లు పెడితే పన్నెండున్నర గంటలు. 5 లీటర్లు పెడితే ఐదు గంటలే. రాత్రి పదింటికి 5 లీటర్ల మీద ఉన్న రోగికి ఒక్క బి సిలిండరు ఇచ్చి ఇంటికొచ్చి పడుకుంటే, తెల్లవారుజామున మూడింటికి అది ఖాళీ. ఇచ్చేటప్పుడే అయిపోయే సమయాన్ని చాక్‌పీసుతో సిలిండరు మీద రాయండి. నిమిషానికి ఎన్ని లీటర్లు వెళ్తోందో చూపే ఫ్లో మీటరు, సిలిండరు తెరిచే స్పానరు దాంతోపాటే వెళ్లాలి. స్పానరు కోసం అర్ధరాత్రి వెతుకులాట చాలా ఇళ్లలో జరిగింది. వంటింటి పొయ్యి, పూజ దీపం, బీడీ దగ్గర్లో ఉండకూడదు.

కాన్సన్‌ట్రేటరుకి సిలిండరు మార్చే బెడద లేదు, కానీ కరెంటు పోతే అది ఆగిపోతుంది. 5 లీటర్ల యంత్రం ఇచ్చేటప్పుడు ఆ ఇంటి ఇన్వర్టరు మోస్తుందో లేదో చూడండి, పక్కనే చిన్న సిలిండరు ఒకటి పెట్టండి. తేమ సీసాలో కుళాయి నీళ్లు పోయొద్దు, డిస్టిల్డ్ వాటరు వాడాలి, రోజూ మార్చాలి. ముక్కు గొట్టం ప్రతి రోగికీ కొత్తది. డాక్టరు చీటీ లేకుండా యంత్రం గడప దాటకూడదు, ఎమ్మెల్యేగారి ఫోనొచ్చినా సరే. రిజిస్టరులో ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు రావాలి, ఎవరు హామీ అన్నవి ఉండాలి.

స్టెరాయిడ్లు, ఇంజెక్షన్ల పేర్లు మీ గ్రూపులో కనబడకుండా చూడండి. షుగరు ఉన్నవాళ్లకి స్టెరాయిడ్లు ఇష్టారాజ్యంగా వాడటం బ్లాక్ ఫంగస్‌కి పెద్ద కారణమైంది. 2021 మే నాటికి రెండు రాష్ట్రాలూ దాన్ని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చాల్సి వచ్చింది.

చావు మాట కూడా ముందే అనుకోవాలి. ఇంట్లో పోతే ఎవరికి చెప్పాలి, బండి ఎవరిది, శ్మశానంలో ఎవరున్నారు, ఇవి ఒక కాగితం మీద రాసి ఉంచండి. తిరుపతిలో ముస్లిం యువకులు బృందంగా ఏర్పడి, బంధువులు దగ్గరికి రాలేని హిందువుల శవాలకి వాళ్ల ఆచారం ప్రకారమే అంత్యక్రియలు చేశారు. అలాంటి నలుగురు మీ ఊళ్లోనూ ఉంటారు, అడిగితే ముందుకొస్తారు.

ఏడో అడుగు: కాగితాలు

పరీక్ష రిపోర్టు పారేయొద్దని ప్రతి ఇంట్లోనూ చెప్పండి. కోవిడ్‌తో పోయినవాళ్ల కుటుంబానికి 50 వేల రూపాయల పరిహారం అన్న నిర్ణయం 2021 సెప్టెంబరులో వచ్చింది. అప్పటికి ఎంతోమంది ఆ కాగితాలు చింపేసుకుని ఉన్నారు. పరీక్షే చేయించుకోకుండా గుడిసెలో పోయినవాళ్ల ఇంటివాళ్లు ఇంకా ఇబ్బంది పడ్డారు. లక్షణాలు కనబడగానే పరీక్ష చేయించడం వైద్యం కోసమే అనుకుంటాం, ఇంటికి ఆ కాగితం కూడా ఆస్తే.

కళాకారుల పింఛన్ల దరఖాస్తులు ఇదే సమయంలో పెట్టించండి. తెలంగాణలో వృద్ధ కళాకారుల పింఛను భాషా సాంస్కృతిక శాఖ చూస్తుంది. ఆంధ్రప్రదేశ్ సామాజిక పింఛన్లలో డప్పు కళాకారులకి విడిగా ఒక వర్గమే ఉంది, గ్రామ, వార్డు సచివాలయంలో అడగాలి. ప్రదర్శన ఫోటోలు, పాత కరపత్రాలు, జాతర కమిటీ ఇచ్చిన రసీదులు, ఇవే ఆధారాలు. చాలామంది దగ్గర ఉండవు. ఊరి ఫోటో స్టూడియోవాడి పాత కంప్యూటరులో వెతికితే దొరుకుతాయి.

ఎనిమిదో అడుగు: అల తగ్గాక

మిగిలిన డబ్బుతో సన్మాన సభ పెట్టొద్దు. మూడో అడుగులో రాసుకున్న తాకట్టు చీటీలు బయటికి తీసి, గడువు దగ్గరున్న వాయిద్యాలు ముందు విడిపించండి. డప్పులకీ డోళ్లకీ కొత్త తోలు వేయించండి. ఈ పని దసరాలోపు పూర్తవ్వాలి, అప్పుడే సంక్రాంతికి మేళం చేతికి అందుతుంది. ఆ సంక్రాంతికి ఊరి కమిటీ చేత కనీసం ఒక్క ప్రదర్శనకైనా బయానా ఇప్పించండి.

కాన్సన్‌ట్రేటర్లు గదిలో పెట్టి తాళం వేస్తే రెండేళ్లకి పాత ఇనుము కింద పోతాయి. ఊపిరితిత్తుల జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడే బీడీ కార్మికులు, క్వారీ కూలీలు మీ మండలంలోనే ఉన్నారు. అవే రిజిస్టరు, అవే నిబంధనలతో వాళ్లకి అద్దె లేకుండా ఇవ్వండి. వాడకంలో లేనిదాన్ని నెలకోసారి అరగంట నడిపి, ఫిల్టరు కడిగి ఆరబెట్టి, తేదీ రాసి పెట్టండి. ఆ రిజిస్టరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక ప్రతి, మీ లెక్కల మనిషి దగ్గర ఒక ప్రతి ఉంటే, మళ్లీ ఎప్పుడు అవసరం పడినా యంత్రం ఎవరింట్లో ఉందో ఒక్క ఫోన్‌లో తెలుస్తుంది.